సగం పడిన గొళ్ళెం

కామా గారి ముఖం మాడిపోవడం నేను కళ్ళారా చూశాను. దాని కోసం ఎన్నాళ్ళు పళ్ళు నూరుకుంటూ కూర్చున్నానో మా అక్కకు తెలుసు, మా బావకు తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. కాకపోతే చివరిదాకా చదవండి. మధ్యలో ఆపేస్తే నేనే గెలిచాననుకుంటారు.

ముందు ఆయన సంగతి. నిచ్చెనలకు ప్రమాణాలు రాసే సంఘం ఒకటుంది. ప్రమాణం అంటే మరేం లేదు, మెట్టు ఎంత వెడల్పుండాలి, ఎంత బరువు మొయ్యాలి, కీలును ఎలా పరీక్షించాలి అని రాసిపెట్టిన పుస్తకం. అందులోని పరీక్షలన్నీ నెగ్గిన నిచ్చెనకే మార్కు పడుతుంది. మార్కు లేనిదాన్ని దుకాణాల్లో అమ్మకూడదు. ఆ సంఘానికి ఈయన చాలాకాలం అధ్యక్షుడు. ఒక కామా తప్పిపోయిందని ఓసారి ముసాయిదా మొత్తాన్ని వెనక్కి తిప్పి పంపాడట. అప్పటినుంచి ఆయన కామా గారు. ఆ పేరు ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

నేను ఆ సంఘంలోకి పరీక్షల ల్యాబు తరఫున వెళ్ళాను. వస్తువులను విరగ్గొట్టడం నా ఉద్యోగం. నిచ్చెనకు బరువులు వేలాడదీసి, ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో చూసి రాయాలి. మా బావ ఎప్పుడూ ఆటపట్టించేవాడు. "నీకు జీతమిచ్చి మరీ పగలగొట్టిస్తున్నారు మరదలా. మీ అక్క ఆ పని ఇంట్లో ఊరికే చేసిపెడుతోంది."

మా బావ గోడలకు రంగులు వేసేవాడు. గోడకూ పైకప్పుకూ మధ్య గీత ఆయన చేత్తో గీస్తే స్కేలు పెట్టి గీసినట్టుండేది. పని చేస్తున్నంతసేపూ పాడుతూనే ఉండేవాడు. గొంతు మాత్రం ఘోరం. ఇళ్ళవాళ్ళు రంగు కోసం ఆ పాటను భరించేవారు.

ఆయన పనికి వాడేది మడత నిచ్చెన. మధ్యలో కీలుంటుంది, కీలుకు గొళ్ళెం ఉంటుంది. నిచ్చెన తెరిచినప్పుడు గొళ్ళెం టక్కున పడాలి. ఒక్కోసారి సగమే పడుతుంది. చూస్తే పూర్తిగా పడినట్టే ఉంటుంది. ఇది నేను ల్యాబులో గమనించాను. పుస్తకం ప్రకారమైతే గొళ్ళెం పూర్తిగా పడ్డాకే పరీక్ష చేస్తారు. మనిషి మాత్రం చంకలో బకెట్టు, నోట్లో కుంచె పెట్టుకుని నిచ్చెన తెరుస్తాడు, గొళ్ళెం దగ్గర చెవి పెట్టి వినడు. కాబట్టి గొళ్ళెం సగం పడిన స్థితిలో కూడా పరీక్షించాలని సూచన రాశాను. ఫొటోలు జతచేశాను.

సూచన రాసే ఫారంలో రెండు గడులుంటాయి. ఒకదాంట్లో లోపం ఏమిటో రాయాలి, రెండోదాంట్లో దాని బదులు పుస్తకంలో ఏ వాక్యం పెట్టాలో రాయాలి. రెండో గడి నేను ఖాళీగా వదిలాను. ఎంత బరువు పెట్టాలన్నది అందరూ కూర్చుని తేల్చాల్సిన సంగతి. అందుకే కదా సంఘం ఉన్నది!

కామా గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు. మొదటి గడి వైపు కన్నెత్తి చూడలేదు. "ప్రతిపాదిత వాక్యం లేదు. అసంపూర్ణం. తర్వాతది" అన్నాడు.

"సార్, లోపం చాలా పెద్దది. ఒక్కసారి ఫొటోలు చూడండి" అన్నాను.

"నియమాలు గట్టిగా ఉంటేనే పని నాణ్యంగా ఉంటుందమ్మా. మీకోసం ఒకటి, ఇంకొకరి కోసం ఒకటి పెట్టలేం. తర్వాతది."

తర్వాతది మెట్ల మీద కాలు జారకుండా పెట్టే గాడులు నిలువుగా ఉండాలా అడ్డంగా ఉండాలా అన్న విషయం. దాని మీద భోజనాల వేళ దాకా కొట్టుకున్నారు.

పుస్తకం అచ్చయింది. ఆ మరుసటి ఏడు మా బావ ఎవరి ఇంట్లోనో మెట్ల పక్క గోడకు రంగు వేస్తూ, మార్కు ఉన్న నిచ్చెన మీంచి పడ్డాడు. గొళ్ళెం సగమే పడింది. నిచ్చెన మధ్యలో మడుచుకుపోయింది. తుంటి ఎముక నుజ్జయింది. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేశారు. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వంటింటి నుంచి వరండా దాకా నడుస్తాడు. పాట మానేశాడు. ఇదివరకు ఆ గొంతు వినలేక చెవులు మూసుకున్న దాన్ని, ఇప్పుడు ఆ ఇంట్లో నిశ్శబ్దం వింటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఆసుపత్రి వరండాలో అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకటే మాట అంది. "వాణ్ణి వదలకు."

వదల్లేదు. నేను గోల చేయలేదు, కోర్టుకెక్కలేదు. కామా గారి ఆయుధం ఏదో అదే పట్టుకోవాలనుకున్నాను. సంఘం నియమావళిని ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని చదివాను. కొందరు ఇష్టదైవం స్తోత్రం చదివినట్టు రోజూ చదివాను. అక్కడే దొరికింది. అసంపూర్ణమైన సూచన వస్తే అధ్యక్షుడు దాన్ని కొట్టిపారేయకూడదు. పూర్తిచేసి పంపమని రాతపూర్వకంగా తిప్పి పంపాలి. తిప్పి పంపనంతవరకు ఆ సూచన బతికే ఉంటుంది. నియమాలే ప్రాణమని చెప్పుకునే మనిషి, నా విషయంలో ఆ ఒక్క నియమం మింగేశాడు. నేనంటే అంత లెక్కలేనితనం.

ఆ సంగతి వెంటనే బయటపెట్టలేదు. కామా గారు పదవి దిగేదాకా ఆగాను. సెక్రటరీ ఉద్యోగం ఎవరికీ అక్కర్లేదు, గొడ్డుచాకిరీ. నేను అడిగి మరీ తీసుకున్నాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

పుస్తకం మళ్ళీ సవరించే సమయం వచ్చింది. అది ఐదేళ్ళకోసారి వస్తుంది. ఈసారి కామా గారు మామూలు సభ్యుడిగా ఒక ప్రతిపాదన పంపాడు. తెరిచి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొళ్ళెం సగం పడిన స్థితిలో కీలును పరీక్షించాలట! నా మాట. నా లోపం. నా ఫొటోల్లో ఉన్నదే, ఇప్పుడు ఆయన కొత్తగా కనిపెట్టినట్టు రాశాడు. దానికి ఇంకా ఏవేవో తగిలించాడు, కీలును చాలాసార్లు తెరిచి మూశాక చేయాలని, అందులో రంగూ దుమ్మూ పట్టించాక చేయాలని. పెద్దమనిషి తన పాండిత్యం చూపిస్తున్నాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కాగితాన్ని నేను తప్పుల కోసమే చదివాను.

తప్పు దొరికింది. కొత్త పరీక్ష పెట్టాలంటే రెండు ల్యాబుల ఫలితాలు జతచేయాలి. ఆ నియమం కామా గారు అధ్యక్షుడిగా ఉన్న చివరి రోజుల్లో తానే తెచ్చాడు. ఇప్పుడు ఆయన దగ్గర ఒక్క ల్యాబు రిపోర్టే ఉంది. రెండోది గడువు ముగిసిన మర్నాడు నా బల్ల మీదికి వచ్చింది.

ఆ సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. అక్క కూరగాయలు తరగడం ఆపేసింది.

"ఒక్క రోజు ఆలస్యమా? కొట్టెయ్. నీ కాగితం కొట్టేసినట్టే కొట్టెయ్" అంది.

"మరి ఆ పరీక్ష పుస్తకంలోకి రాదా?" అన్నాడు బావ.

"వస్తుంది బావా. నాది వస్తుంది. నాది పాత సూచన, పాత నియమాల కిందే లెక్క. రిపోర్టులు అక్కర్లేదు. ఆయనది పోయి నాది వస్తుంది."

"అబ్బో, మా మరదలు మామూలుది కాదు" అన్నాడు బావ. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

సమావేశం రోజు. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, ఎప్పటిలాగే చుక్కచుక్కగా కారే ఏసీ, దాని కింద ప్లాస్టిక్ బకెట్. ఒక పక్క నిచ్చెనలు తయారుచేసేవాళ్ళ తరఫువారు, ఒక పక్క ల్యాబులవాళ్ళు. కొత్త అధ్యక్షుడు ఒక ప్రొఫెసరు, ఎవరినీ నొప్పించని మెత్తటి మనిషి. కామా గారు తలంతా నెరిసిపోయి చివరి కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో ఫైలు, జేబులో ఎర్ర పెన్ను. ఆయన ప్రతిపాదన రాగానే నేను లేచాను.

"రెండో ల్యాబు రిపోర్టు గడువులోగా రాలేదు. ఇది చర్చకు అర్హం కాదు."

"రిపోర్టు వచ్చింది కదా. ఒక్క రోజే ఆలస్యం" అన్నాడు కామా గారు.

"ఒక్క రోజైనా ఆలస్యమే. నియమం చదివి వినిపిస్తాను." వినిపించాను. తొందరపడలేదు. కామా ఉన్నచోటల్లా ఆగాను. బల్ల చుట్టూ ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. "చర్చలో లేని అంశం గురించి సభలో ఎవరూ మాట్లాడకూడదు. ఇది దాని కిందే ఉంది. ఈ రెండు నియమాలూ రాసింది తమరే."

ప్రొఫెసరు నావైపు, ఆయనవైపు చూసి నీళ్ళు నమిలాడు. "పోనీ సెక్రటరీ గారూ, ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు..."

"నియమాలు గట్టిగా ఉంటేనే పని నాణ్యంగా ఉంటుంది సార్. ఈ గదిలోనే నేర్చుకున్నాను."

కామా గారి ముఖం మాడింది. ఫైలు మూశాడు. నేను అక్కడితో వదిలితే మా అక్క చెల్లెల్నే కాను. వెంటనే నా పాత సూచన బల్ల మీద పెట్టాను, రెండో గడి నింపి మరీ. దాన్ని తిప్పి పంపకుండా తొక్కిపెట్టిన అధ్యక్షుడే సంజాయిషీ చెప్పాలని కూడా నియమముంది. లేపి నిలబెట్టాను.

"ఆ రోజు నా సూచన ఎందుకు తిప్పి పంపలేదు సార్?"

ఆయన బల్ల మీది నా కాగితం వైపు చూశాడు. "నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు.

గుర్తు లేదట. మా బావ ఎముక పొడి అయిపోయింది, ఈయనకు గుర్తు లేదట. "అయితే నియమం పాటించలేదని మినిట్స్‌లో రాసుకోమంటారా?" అన్నాను. "రాసుకోండి" అన్నాడు, తల దించుకుని.

నా సూచన ఓటుకు వెళ్ళింది. నిచ్చెనలు తయారుచేసేవాళ్ళు ఒంటికాలి మీద లేస్తారని, రోజంతా వాదించాల్సి వస్తుందని సిద్ధపడి వచ్చాను. ఒక్కరు నోరెత్తలేదు. అందరూ టకటకా చేతులెత్తేశారు. టీ దగ్గర వాళ్ళలో ఒకాయన నా కప్పులో చక్కెర కూడా తనే కలిపిపెట్టి, "మంచి పని చేశారు మేడమ్. ఆ పెద్దాయన మమ్మల్ని చంపుకుతినేవాడు" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ చక్కెర నాకు అప్పుడు తియ్యగానే ఉంది.

ఆ రాత్రి భోజనం అక్కావాళ్ళింట్లోనే. అక్క వదల్లేదు. ముఖం ఎలా పెట్టాడు, చేతులు వణికాయా, ఎవరైనా నవ్వారా అని అడిగిందే అడిగింది. నేను లేచి నిలబడి ఆయన ఫైలు మూసిన తీరు నటించి చూపించాను. ఎన్నాళ్ళకో అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

బావ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇప్పుడు నా నిచ్చెనను పరీక్షకు పెడితే ఫెయిలవుతుందా?"

"చచ్చినట్టు ఫెయిలవుతుంది."

"అయితే తీసుకెళ్ళి పెట్టు. ఫోన్లో వీడియో తీసుకురా. అది కూలిపోతుంటే నేను కాలు మీద కాలేసుకుని చూడాలి." తన కాలివైపు చూసుకుని, "సరే, కాలు మీద కాలు కుదరదనుకో" అన్నాడు.

ఆ నిచ్చెన మెట్ల కింద ఉంది. అక్క పారేయనివ్వలేదు. పగవాణ్ణి కట్టేసి ఉంచినట్టు దాన్ని గొలుసుతో కట్టేసి ఉంచింది.

మర్నాడు ల్యాబుకు పట్టుకెళ్ళాను. పరీక్ష పద్ధతి ప్రకారం కొత్త నిచ్చెనతో చేయాలి కాబట్టి దుకాణం నుంచి అదే రకానిది ముందే తెప్పించాను. గొళ్ళెం సగం పడేలా పెట్టాను. ఫోను ఆన్ చేశాను. బరువు వేశాను.

బరువు పడగానే లోపలి స్ప్రింగు గొళ్ళేన్ని లాక్కుంది. టక్కుమంది. పూర్తిగా పడింది. నిచ్చెన కదల్లేదు.

మళ్ళీ చేశాను. మళ్ళీ టక్కుమంది. ఇంకో నిచ్చెన తెప్పించాను. అదీ నెగ్గింది. అప్పుడు బావ నిచ్చెన ఎక్కించాను. సగం బరువు కూడా వేయకముందే కీలు దగ్గర మడుచుకుని దబ్బున కూలింది. చప్పుడుకు పక్క గదిలోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

టార్చి వేసి కీలులోకి చూశాను. నిండా ఎండిపోయిన రంగు. నీలం మీద పసుపు, పసుపు మీద తెలుపు, మా బావ వేసిన ఇళ్ళన్నీ అందులో ఉన్నాయి. స్ప్రింగు ఆ రంగులో ఇరుక్కుపోయింది. కొత్త నిచ్చెనలో స్ప్రింగు గొళ్ళేన్ని లాక్కుంటుంది, రంగు పట్టిన నిచ్చెనలో లాక్కోదు. రంగులు వేసేవాడి నిచ్చెనకు రంగు పట్టక ఏం పడుతుంది? కీలులో రంగూ దుమ్మూ పట్టించాకే పరీక్ష చేయాలని కామా గారు రాసింది దీని గురించే. నేను పాండిత్యమనుకున్నది ఇదే. తయారీదారులు టకటకా చేతులెందుకెత్తారో, నా టీలో చక్కెర ఎందుకు కలిపారో అప్పుడు అర్థమైంది. రెండు ల్యాబుల నియమం నాకు వర్తించి ఉంటే, ఈ పరీక్ష పనికిరానిదని ఓటుకు ముందే తేలేది. దాన్నుంచి తప్పించుకున్నందుకు నేను ఇంటికెళ్ళి నటించి చూపించాను.

సాయంత్రం బావ వరండాలో ఎదురుచూస్తున్నాడు. "ఏదీ వీడియో?"

"పాసైంది బావా."

"ఏంటి?"

"నేను పెట్టించిన పరీక్షలో నీ రకం నిచ్చెన పాసవుతుంది. మార్కు పడుతుంది. అమ్ముతారు. లోపాన్ని పట్టుకునేది ఆయన పరీక్షే."

అక్క గుమ్మంలో నిలబడిపోయింది. బావ చేతికర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అంటే నేను రూల్స్ ప్రకారమే పడ్డానన్నమాట. ఇకమీదట కూడా రూల్స్ ప్రకారమే పడతారన్నమాట" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

దారి ఒకటే ఉంది. అదీ నియమావళిలోదే. మినిట్స్ ఆమోదం పొందేలోగా ఒక నిర్ణయాన్ని తిరగదోడవచ్చు. గెలిచినవాళ్ళే అడగాలి, ఓడినవాళ్ళు అడగడానికి లేదు. అంటే కామా గారి వల్ల కాదు, నా వల్లే అవుతుంది. తిరగదోడితే గడువు కొత్తగా లెక్క, రెండో రిపోర్టు ఎలాగూ వచ్చేసింది. కాకపోతే ప్రతిపాదన రాసిన మనిషి ఒప్పుకోవాలి.

"ఆయనకు ఫోన్ చెయ్యాలక్కా" అన్నాను.

"వాడికా?" అక్క ముఖం ఎర్రబడింది. "నా ఇంట్లోంచి వద్దు. అవతలికెళ్ళి చేసుకో." కానీ వద్దే వద్దని అనలేదు. లోపలికెళ్ళి గిన్నెలు ధనాధనా సర్దడం మొదలుపెట్టింది.

వీధిలోకి వెళ్ళి దీపస్తంభం కింద నిలబడి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"చెప్పండి సెక్రటరీ గారూ."

"మీ ప్రతిపాదన మళ్ళీ సభ ముందు పెడతాను. మీరు ఒప్పుకోవాలి."

"మీ పరీక్ష చేసి చూశారా?"

"చూశాను."

"కొత్త నిచ్చెన పాసైందా?"

"పాసైంది."

"అవుతుంది. నాకు ఓటు రోజునే తెలుసు."

నా ఒళ్ళు మండిపోయింది. "తెలిసి ఎందుకు నోరు మూసుకున్నారు? ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఆ మాట నా ప్రతిపాదనలోది. చర్చలో లేనిదాని గురించి ఎవరూ మాట్లాడకూడదని చదివి వినిపించారు కదమ్మా. కామా కామాకీ ఆగి మరీ." ఆయన గొంతు మెత్తగానే ఉంది. అందులో ఉన్న విషం నాకు బాగా తెలుసు, నేనూ చాలాకాలం పెంచుకున్నదే.

"ఒప్పుకుంటారా లేదా?"

"రాతపూర్వకంగా పంపండి, ఒప్పుకుంటాను" అన్నాడు. ఫోను పెట్టేయబోతూ ఆగాడు. "ఈసారి రెండో గడి ఖాళీగా వదలకండి."

ఈసారి, అన్నాడు. ఆయనకు నా కాగితం గుర్తే. మొదటినుంచీ గుర్తే. గుర్తుండబట్టే ఆ ప్రతిపాదన రాశాడు. గుర్తుండీ నా ముందు నిలబడి లేదన్నాడు.

ఆయన మీద కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు. లోపలికొచ్చి అక్క వంటింటి బల్ల మీదే కాగితం పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. బావ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొదటి గడిలో రాశాను: నా పరీక్ష పనికిరాదు. రెండో గడిలో ఆయన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశాను, కామాలతో సహా.